ఆ నవ్వులో మీరూ ఉన్నారు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్‌మిల్లులో అకౌంటెంట్, జీతం 42 వేలు. ఇద్దరు ఆడపిల్లలు. మూడేళ్ల కింద 2013 మోడల్ ఆల్టో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. వెనక డోరు ఒకటి లోపలి నుంచి తెరుచుకోదు. ఏసీ బండి కదిలితేనే చల్లగా వస్తుంది. అయినా నాకు ఆ కారంటే ప్రాణం. మా అత్తమ్మకు అర్ధరాత్రి ఆయాసం వస్తే నల్లగొండ దాకా అందులోనే తీసుకుపోయాం. మొన్న మా చెల్లెలి కొడుకు తొట్టెల ఫంక్షన్‌లో మరిది 'అన్నా, ఆ డబ్బా పక్కకు పెట్టు, ఫొటోల్లో పడుతుంది' అన్నాడు. అందరం నవ్వేశాం. అప్పటి నుంచి మా ఆయన షోరూముల చుట్టూ తిరుగుతున్నారు. పది లక్షల లోన్ తీసుకుంటారట. వద్దంటే మాట్లాడటం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను 'అందరం' అన్న మాట దగ్గర ఆగిపోయాను. షడ్డకుడు నలుగురిలో అన్న మాట నొప్పే. కానీ ఆ క్షణంలో మీ ఆయన కళ్లు ఎవరిని వెతికి ఉంటాయి? మిమ్మల్నే. మీరూ నవ్వారు. మీకు చెడు ఉద్దేశం లేదు, పదిమందిలో అలా నవ్వు వచ్చేస్తుంది. ఆయనకు మాత్రం ఆ కారు మీకూ నామోషీ అని అర్థమైంది.

అందుకే లెక్కలతో మొదలుపెట్టకండి. పది లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు 16,300 దాటుతుందని, వడ్డీయే మూడు లక్షల డెబ్బై వేలని ఆయనకు తెలియదా? రోజంతా లెక్కలు చూసే మనిషి. అత్తమ్మను తీసుకుపోయిన రాత్రి గురించి నాకు రాసింది ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? పిల్లలు పడుకున్నాక చెప్పండి. 'ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది' అని కూడా చెప్పండి. ఆయన వెంటనే కరిగిపోకపోవచ్చు. రెండోసారి అడగకండి, నాలుగు రోజులు ఆగండి.

చెల్లెలికి ఫోన్ చేసి, గొడవలా కాకుండా, బావ నొచ్చుకున్నాడని చెప్పండి. మరిదితో ఏం మాట్లాడాలో ఆమెకు తెలుసు.

ఇక కారు. వెనక డోరు అంచున చిన్న మీట ఉంటుంది, చైల్డ్ లాక్. అది పడి ఉన్నా డోరు లోపలి నుంచి రాదు. ముందు అది చూడండి. కాకపోతే మెకానిక్‌కు చూపించండి, పిల్లలు కూర్చునే డోరు అలా వదలొద్దు. ఏసీ కూడా చూపించండి.

ఒక్క విషయంలో మీ ఆయన పక్షమే నేను. 2019 జులైకి ముందు తయారైన చిన్న కార్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు లేవు. లారీలు తిరిగే అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద పిల్లలతో వెళ్లేటప్పుడు ఆ భయం ఉండాల్సిందే. వెనక కూర్చున్నా బెల్టు పెట్టించండి, రాత్రి ప్రయాణం తగ్గించండి. మీ బండి రిజిస్ట్రేషన్‌కు 2028లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పటి దాకా నెలకు ఎనిమిది వేలు పక్కన పెడితే, ఎయిర్‌బ్యాగులున్న చిన్న కారుకు కొంత డబ్బయినా చేతిలో ఉంటుంది. ఈ మాట ఆయన నోటి నుంచి వచ్చేలా చూడండి, నిర్ణయం ఆయనది అనిపించాలి.

ఈసారి ఫంక్షన్‌కు ఆ కారులోనే వెళ్లండి. ముందు సీట్లో కూర్చోండి, హాలు గేటు ముందే దిగండి, ఆయన బండి పెట్టి వచ్చేదాకా అక్కడే నిలబడండి.