బంతి ఎడమకే పోతోందా? ముందు అది ఎక్కడ పెట్టారో చూడండి

ప్రశ్న: నమస్తే అన్నా. మాది నల్లగొండ. ఎనిమిది నెలలుగా గోల్ఫ్ నేర్చుకుంటున్నాను, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ పోయి ఆడి వస్తాను. దూరం కొట్టడం పర్వాలేదు గానీ గ్రీన్ మీదికి, అంటే హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీదికి వచ్చాక, ఆరడుగుల పట్ (బంతిని మెల్లగా దొర్లించే దెబ్బ) కూడా హోల్‌కి ఎడమ పక్క నుంచి జారిపోతోంది. నాది కుడిచేతి వాటం. మణికట్టు తిప్పుతున్నావని నేర్పే సార్ అంటే గ్రిప్ మార్చాను, తర్వాత పట్ కొట్టే కర్ర, అదే పటరే మార్చాను, పైసలు పోయాయి గానీ బంతి మాత్రం మారలేదు. పటర్ పైకి లేస్తుండగా కొడితే బాగా దొర్లుతుందని ఎవరో చెబితే బంతిని ఎడమకాలి బొటనవేలికి ఎదురుగా పెడుతున్నాను. ఇంకేం మార్చాలి?

జవాబు: తమ్ముడూ, మణికట్టును కొన్నాళ్లు వదిలెయ్, కొత్త పటర్ జోలికి అసలే పోకు. బొటనవేలికి ఎదురుగా అన్నావు చూడు, తంటా అక్కడుంది.

మీ ఇంటి తలుపు మెల్లగా మూసి చూడు. అది దర్వాజాకు సరిసమంగా నిలిచేది ఒక్క చోటే, అంతకు ముందు ఇటు తెరిచి ఉంటుంది, అడ్డు లేకపోతే దాటి అటు పోతుంది. పటర్ కూడా అంతే. వెనక్కి పోతూ కొద్దిగా నీ వైపు వంపు తిరుగుతుంది, బంతికి తగిలే దాని ముఖం తెరుచుకుంటుంది, ముందుకు వస్తూ ఒక్క చోట హోల్‌కి నేరుగా నిలిచి, ఆ చోటు దాటగానే ఎడమకు మూసుకుపోతుంది. బంతి ఆ ఒక్క చోట ఉండాలి. నువ్వేమో దాటిన తర్వాత పెట్టావు, అంటే పటర్ ముఖం తిరిగాక బంతి తగులుతోంది. పైగా అంత ముందున్న బంతిని అందుకోవాలంటే కుడి భుజం ముందుకు వస్తుంది, రెండు భుజాలూ కలిసి ఎడమకు చూస్తాయి, దాంతో పటర్ దారి కూడా అటే. సార్‌కి కనిపించిన మణికట్టు బహుశా దీన్ని సర్దుకోవడానికి తంటాలు పడుతున్న మణికట్టే అయి ఉంటుంది.

ఎంత తిరిగితే తప్పుతుంది? ఆరడుగుల దూరంలో బంతి దిశ ఒక డిగ్రీ తేడా వస్తే హోల్ దగ్గర అంగుళంపావు పక్కకు పోతుంది. రెండు డిగ్రీలైతే రెండున్నర అంగుళాలు. హోల్ అడ్డకొలత 4.25 అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకు రెండంగుళాల పైచిలుకు. కాబట్టి రెండు డిగ్రీలతోనే నీ బంతి బయట.

పైకి లేస్తుండగా కొట్టాలన్న మాట సగం నిజం. ఊపులో అన్నిటికన్నా కింది చోటు ఇంచుమించు ఛాతీ మధ్యకు దిగువన ఉంటుంది, బంతి దానికి ఒకటి రెండు బంతుల వెడల్పు ముందుంటే చాలు, అంటే దాదాపు ఎడమ కన్ను కింద. ఇంకా ముందుకు జరిపితే పటర్ ముఖానికి మామూలుగా ఉండే మూడు నాలుగు డిగ్రీల వాలుకు మరికొంత తోడై, బంతి దొర్లే బదులు ముందు చిన్నగా ఎగిరి పడుతుంది. అలాగని కుడికాలి వైపు తెచ్చావో, తెరిచిన ముఖంతో కుడికి పోతుంది, పైగా గడ్డిలోకి నొక్కినట్టై గంతులేస్తుంది.

మీ ఇంట్లో షాబాదు బండలుంటే పని సులువు. రెండు బండల అతుకు మీద బంతి పెట్టి, ఆ గీత హోల్ వైపు పోతోందనుకుని నిలబడు. ఇంకో బంతిని ఎడమ కంటి దగ్గర నుంచి వదిలెయ్. కింద బంతి మీద గానీ, గీతకు కొంచెం నీ వైపు గానీ పడాలి. గీత దాటి అవతల పడితే బంతికి మరీ దగ్గరగా నిలబడ్డట్టు, చాలా ఇవతల పడితే దూరంగా. ఈ దూరం తప్పితే గీతే వంకరగా కనిపిస్తుంది, పటర్ కూడా పొయ్యి మీద సరిగా కూర్చోని గిన్నెలాగా ఒక కొస లేపుతుంది. తర్వాత ఎవరినైనా పిలిచి మీ రెండు భుజాలకు అడ్డంగా ఒక కర్ర పట్టమను. అది అతుకుకు సమాంతరంగా ఉందా లేదా, అంతే. కొట్టడం మాత్రం బండ మీద వద్దు, బంతి జారి ఎక్కడికో పోతుంది, కార్పెట్ పరుచుకో.

పాదాల మధ్య ఎంత ఎడముండాలని అడగలేదు, మంచిదే. పాతకాలపు అమెరికా మేటి ఆటగాళ్లనే చూడు, జాక్ నిక్లాస్ బాగా వంగి, ఒళ్లు హోల్ వైపు కొంత తెరిచి నిలబడేవాడు, ఆర్నాల్డ్ పామర్ మోకాళ్లు రెండూ దగ్గరికి తెచ్చి బిగించేవాడు. గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలైన మేజర్లు నిక్లాస్ 18 గెలిచాడు, పామర్ 7. ఊగిపోకుండా నిలబడగలిగితే పాదాలు నీ ఇష్టం, భుజాలూ కళ్లూ మాత్రం కాదు.

బంతిని ఒక్కసారి ఒక బంతి వెడల్పే వెనక్కి జరుపు. అడుగు దూరంలో రెండు రూపాయి బిళ్లలు బంతి పట్టేంత సందుతో పెట్టి, మధ్య నుంచి పోనివ్వు. మొదట్లో కొన్ని కుడికి పోవచ్చు, ఎనిమిది నెలలు సర్దుకున్న చేతులు కదా. టెన్షన్ పడి మళ్లీ ముందుకు జరపకు.

ప్రశ్న: సార్, మాది గద్వాల. రిటైరైన మా బాపుకు వంగితే నడుం నొప్పి. బంతి నుంచి హోల్‌కి పోయే గీతకు అటో కాలు ఇటో కాలు వేసి, హోల్‌కి ఎదురుగా నిలబడి పట్ చేస్తానంటున్నారు. కుదురుతుందా?

జవాబు: చెల్లె, అలా కుదరదు. అమెరికా మేటి ఆటగాడు శామ్ స్నీడ్ అంతటివాడు సరిగ్గా అట్లాగే ఆడేవాడు, 1968 నుంచి దాన్ని నిషేధించారు. ఆయనేం చేశాడంటే రెండు కాళ్లూ గీతకు ఒకే పక్కన పెట్టి, హోల్ వైపు తిరిగి, బంతిని పాదం పక్కన ఉంచి ఆడాడు. బాపును అట్లా ఆడమను, అది ఇప్పటికీ చెల్లుతుంది. పొడుగు పటర్ వాడితే నడుముకు ఇంకా హాయి, కాకపోతే దాని పైకొసను, పట్టుకున్న చేతిని ఛాతీకి ఆనించి ఊపకూడదు, 2016 నుంచి ఆ నియమం ఉంది.