కొబ్బరిపాలు విరిగాయని కంగారు పడకండి

ప్రశ్న: మనీలాలో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు క్యాంటీన్‌లో తిన్న బికోల్ ఎక్స్‌ప్రెస్ అనే ఫిలిప్పీన్స్ పోర్క్ కూర తెగ నచ్చేసి, పోయిన ఆదివారం ఇంట్లో ప్రయత్నించాను. పోర్క్, కొబ్బరిపాలు, మిరపకాయలు, రొయ్యల ముద్ద, ఉప్పు అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి పెద్ద మంట మీద పెట్టాను. పాలు విరిగి నూనె తేలింది, ముక్క రబ్బరులా సాగింది, ఉప్పయితే నోట పెట్టలేం. రూమ్మేట్ మొహమాటానికి రెండు ముద్దలు తిని లేచిపోయింది. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, మనీలా

జవాబు: మీరు చెప్పిన మూడింట్లో నూనె తేలడం అసలు తప్పే కాదండీ. ఈ కూర అయిందని చెప్పే గుర్తే అది. అక్కడివాళ్లు 'నగ్మమాంటికా' అంటారు, అంటే నూనె వదులుతోందని. కాకపోతే అది చివర్లో రావాలి, మీకు మొదట్లోనే వచ్చేసింది. చిక్కటి పాలను మొదటి నుంచీ పెద్ద మంట మీద మరిగిస్తే పలుకులు పలుకులుగా విరిగి, కింద నీళ్లు, పైన నూనె మిగులుతాయి.

అందుకే పాలు రెండు రకాలు కావాలి. మనీలా మార్కెట్లో కొబ్బరి మెషీన్ మీద కోరి ఇస్తారు కదా, అది తెచ్చుకుని కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి పిండితే వచ్చే మొదటి పాలు 'కాకాంగ్ గాటా'. వాటిని పక్కన పెట్టేయండి, చివరిదాకా ముట్టుకోవద్దు. అదే పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి పిండిన పలుచటి పాలల్లోనే మాంసం ఉడకాలి. డబ్బా పాలతోనూ చేసుకోవచ్చు గానీ, చాలావాటిలో పాలు విడిపోకుండా గమ్ కలుపుతారు కాబట్టి నూనె ఓ పట్టాన తేలదు, ఎదురుచూసి ఎదురుచూసి కూర అడుగంటించుకుంటారు.

అర కిలో లియెంపో, అంటే పొట్ట భాగం మాంసం, కొవ్వుతో సహా వేలి మందాన ముక్కలు కోయండి. వెల్లుల్లి, ఉల్లి, అల్లం వేయించి, అందులో రెండు చెంచాల బాగూంగ్ అలామాంగ్ (మీరు చెప్పిన రొయ్యల ముద్ద) వేసి పచ్చివాసన పోయేదాకా కలపండి. మాంసం వేసి రంగు మారాక 2 కప్పుల పలుచటి పాలు పోసి, సన్న మంట మీద 40 నిమిషాలు వదిలేయండి. ముక్కను గరిటె అంచుతో నొక్కితే తెగాలి, తెగకపోతే ఇంకో పది నిమిషాలు. అప్పుడే కప్పు చిక్కటి పాలు, పొడుగ్గా చీల్చిన సిలింగ్ హబా (పొడుగు పచ్చిమిర్చి) 6 వేసి, పాలు దగ్గరపడి గిన్నె అంచున నూనె మెరిసేదాకా ఉంచండి. మూత పెట్టొద్దు.

ఇక ఉప్పు సంగతి. బాగూంగ్ అలామాంగ్ అంటేనే ఉప్పులో ఊరిన సన్నరొయ్య. దాని మీద మళ్లీ ఉప్పు ఎందుకు వేశారండీ? దించే ముందు రుచి చూసి, నిజంగా చాలకపోతేనే చిటికెడు.

పేరు మాత్రం మనీలా నుంచి బికోల్ ప్రాంతానికి నడిచిన రైలుది. మనీలాలోని మలాటే ప్రాంతంలో రెస్టారెంట్ నడిపిన సెలీ కలావ్ అనే ఆవిడ ఈ కూరకు ఆ పేరు పెట్టిందని చెబుతారు. బికోల్‌లో మిరపకాయల్ని కొబ్బరిపాలలో వండుకోవడం ఎప్పటినుంచో ఉంది, అక్కడి మాటలో 'గులాయ్ నా లాడా'.

ప్రశ్న: ఈ కూరలో సిలింగ్ లబూయో (చిన్న ఘాటు మిరపకాయలు) నాలుగు వేస్తే కళ్లలో నీళ్లు ఆగలేదు. నీళ్లు తాగినా మంట తగ్గలేదు. కారం తగ్గించడమెలా?

జవాబు: మిరప ఘాటు కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో కాదు. గింజల కంటే గింజలు అంటుకునే తెల్లటి భాగంలోనే మంట ఎక్కువ, చెంచా మొనతో దాన్ని గీకేసి కాయల్ని కాసేపు ఉప్పునీళ్లలో నానబెట్టండి. లబూయో ఆకారం చూసి మోసపోవద్దు, వేలి గోరంతే ఉంటుంది, ఒకటి చాలు. ఆ చేత్తో కళ్లు నలుపుకున్నారంటే నేనేం చేయలేను.

ప్రశ్న: మా వారికి రొయ్య పడదు. బాగూంగ్ లేకుండా చేయొచ్చా?

జవాబు: రొయ్య పడనివాళ్లకు చెంచాడు కూడా వద్దు. చేప పడితే 'బాగూంగ్ ఇస్దా' (చేపతో చేసేది) వాడండి, కాకపోతే సీసా మీద దినుసులు చదివి కొనండి. రుచి కొంచెం వేరుగా ఉంటుంది, అయినా బాగుంటుంది.