అటక మీది పాత కంప్యూటర్‌కి స్విచ్ వేసే ముందు

అమలాపురంలో మీ నాన్నగారు నడిపిన డీటీపీ సెంటర్ సామాను చాలా ఏళ్ళుగా అటక మీదే ఉందని, అందులో ఒక 486 కంప్యూటర్ (తొంభైల్లో వాడిన రకం), ఎప్సన్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, అట్టపెట్టె నిండా ఫ్లాపీలు దొరికాయని రాశారు. వీటితో పాత కంప్యూటర్లు బాగుచేసే హాబీ మొదలుపెట్టొచ్చా అని అడిగారు. తప్పకుండా మొదలుపెట్టండి. కానీ మెషిను కంటే ఆ ఫ్లాపీలే ముఖ్యమని గుర్తుంచుకోండి. ఎంత ఆత్రంగా ఉన్నా ప్లగ్గు పెట్టి స్విచ్ మాత్రం వేయకండి.

నేనుండేది పాలకొల్లులో. తొంభైల్లో డీటీపీ ఆపరేటర్‌గా పనిచేశాను, ఇప్పుడు తీరిక దొరికినప్పుడల్లా పాత మెషిన్ల మీద కూర్చుంటాను. వేరే దేశాల వాళ్ళ వీడియోలు చూస్తే అన్నీ చల్లటి, పొడి గదుల్లో దాచిన మెషిన్లే కనిపిస్తాయి. మనది కాలవలు, చేపల చెరువులు, వరి చేల మధ్య బతుకు. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ గాలిలో ఉప్పు కూడా కలుస్తుంది. అందుకే మన దగ్గర కంప్యూటర్ వాడకం వల్ల పాడయ్యే దానికంటే వాడకుండా ఉంచడం వల్ల పాడయ్యేదే ఎక్కువ. చిప్పుల కాళ్ళు నల్లబడతాయి, ఫ్లాపీల మీద బూజు పడుతుంది. కోతలయ్యాక చేల నుంచి ఇళ్ళల్లోకి వచ్చే ఎలుకలు క్యాబినెట్‌లో గూడు కడితే, వాటి మూత్రమే బోర్డుని తినేస్తుంది.

ముందు మూత విప్పి మదర్‌బోర్డు (లోపలి పెద్ద సర్క్యూట్ బోర్డు) మీద బ్యాటరీ చూడండి. చాలా 486 బోర్డుల మీద నీలం రంగు, పీపా ఆకారంలో 3.6 వోల్టుల నికెల్ క్యాడ్మియం బ్యాటరీ అతికించి ఉంటుంది. అది కారిందంటే చుట్టూ పచ్చగా పొక్కులు కట్టి ఉంటుంది. కారినా కారకపోయినా కత్తిరించి తీసేయండి. కారింది క్షారం కాబట్టి వెనిగర్‌లో ముంచిన పాత టూత్ బ్రష్‌తో రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి, రెండు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. బ్యాటరీ లేకపోయినా కంప్యూటర్ పనిచేస్తుంది. కాకపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, హార్డ్ డిస్క్ వివరాలు అడుగుతుంది. డిస్క్ పైన లేబుల్ మీద సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు అని అంకెలుంటాయి, అవి ఇప్పుడే నోటుపుస్తకంలో రాసుకోండి.

తర్వాత పవర్ సప్లై. వెనక ఎర్ర స్విచ్ ఉంటే అది 230 వోల్టుల మీదే ఉందో లేదో చూడండి. ఆ కాలం క్యాబినెట్లలో ముందున్న స్విచ్‌లోకి నేరుగా మెయిన్స్ కరెంటే వస్తుంది, దాని తీగలు ముట్టుకోవద్దు. మదర్‌బోర్డుకి వెళ్ళే రెండు కనెక్టర్లు ఊడదీస్తే, తిరిగి పెట్టేటప్పుడు నల్ల తీగలు మధ్యలో పక్కపక్కనే రావాలి. తారుమారైతే బోర్డు పోతుంది. ఇక మానిటర్‌ని మీరు విప్పొద్దు. పిక్చర్ ట్యూబ్ దగ్గర వేల వోల్టులుంటాయి, ప్లగ్గు తీసేశాక కూడా ఛార్జి నిలిచి ఉండొచ్చు. మీ ఊళ్ళో పాత టీవీ మెకానిక్ ఒకాయన ఇంకా ఉండే ఉంటారు, ఆయన దగ్గరికి వెళ్ళండి. సీరీస్ బల్బు (కరెంటు దారిలో వరసగా కలిపే మామూలు బల్బు) పెట్టి చూస్తే లోపల షార్ట్ ఉందో లేదో నిమిషంలో చెప్తారు. ఈ హాబీలో నాకు దొరికిన మంచి గురువులు వాళ్ళే. అడిగితే ఎంతో ఇష్టంగా నేర్పుతారు.

ఇక అసలు విషయం. ఆ ఫ్లాపీల్లో ఏముందో ఆలోచించారా? పెళ్ళి శుభలేఖలు, నాటక పరిషత్తుల కరపత్రాలు, గుడి చందా పుస్తకాలు, కాలేజీ సావనీర్లు, సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న కవుల పుస్తకాలు. ఒక ఊరు పదేళ్ళపాటు తెలుగులో అచ్చువేసుకున్నదంతా అందులో ఉండొచ్చు. 486 బోర్డులు ఇంకా ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, ఇవి మళ్ళీ దొరకవు.

ప్రతి ఫ్లాపీని వెలుతురులో షట్టర్ జరిపి చూడండి. తెల్ల మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టొద్దు. ఆ బూజు డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా గీసేస్తుంది. దూదిపుల్లకి ఐసోప్రొపైల్ రాసి, డిస్క్‌ని మెల్లగా తిప్పుతూ రెండు వైపులా తుడిచి ఆరనివ్వండి. తేమ లాగాలని బియ్యం డబ్బాలో పెట్టొద్దు, ఆ దుమ్ము ఇంకో తలనొప్పి. గాలి చొరబడని డబ్బాలో తేమ లాగే సిలికా జెల్ వేసి దాచండి. చదివే ముందు 3.5 అంగుళాల ఫ్లాపీకి మూల ఉన్న చిన్న గడి జరిపి రంధ్రం తెరిచి ఉంచండి, 5.25 దానికి పక్కనున్న గాటు మీద స్టిక్కర్ అంటించండి. అలా చేస్తే పొరపాటున కూడా ఏదీ చెరగదు. ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే వద్దు అనే నొక్కండి. 3.5 అంగుళాల 1.44 ఎంబీ ఫ్లాపీలకి యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ చాలు. 5.25 వాటికి నిజమైన పాత డ్రైవ్, దాన్ని ఇప్పటి కంప్యూటర్‌కి కలిపే గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు కావాలి.

ఫైళ్ళు వచ్చేశాయి కదా అని ఆగిపోవద్దు. అప్పట్లో మేం యూనికోడ్‌లో (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ తెలుగు చూపించే పద్ధతిలో) టైప్ చేయలేదు. అను లాంటి ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చేవి. ఆ ఫాంట్ లేకపోతే శుభలేఖ మొత్తం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తుంది. అను 6కీ 7కీ మధ్య కూడా తేడా ఉంది. అందుకే నాన్నగారి హార్డ్ డిస్క్‌ని ఫైళ్ళుగా కాకుండా మొత్తంగా ఒక ఇమేజ్‌గా, అంటే డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే ఒకే నకలుగా, తీసి దాచండి. ఆయన వాడిన ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం వెర్షన్ అన్నీ అందులోనే ఉంటాయి. నేనిలా ఒక కాలేజీ సావనీర్ బయటకి తీసి ఇచ్చినప్పుడు, అందులో వ్యాసం రాసిన మాస్టారి కుటుంబానికి ఆ వ్యాసం ఉందనే తెలియదు. ఆ రోజు నుంచి నాకు ఇది కాలక్షేపం అనిపించలేదు.

జ్ఞాపకాల వస్తువులు కూడా పోగుచేయాలని ఉందన్నారు కదా. కంప్యూటర్‌తో పాటు వచ్చిన బిల్లులు, మాన్యువల్స్, కొట్టు బోర్డు, రబ్బరు స్టాంపులు, నాన్నగారి చేతిరాత ఉన్న ఆర్డర్ పుస్తకం అన్నీ ఉంచండి. ఏది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చీటీ రాసి జతచేయండి. సినిమా పాటల పుస్తకాలు, క్యాసెట్లు లాంటివి తర్వాతైనా దొరుకుతాయి, కంగారు లేదు. పాత సామాను కొనేవాళ్ళు బోర్డులు అడిగితే మాత్రం ఇవ్వకండి, వాళ్ళు వాటిలో బంగారం కోసం కొంటారు.

ఎప్సన్ ప్రింటర్‌కి పెద్దగా ఏమీ కాదు, రిబ్బన్ మారిస్తే చాలామటుకు లేచి కూర్చుంటుంది. మదర్‌బోర్డు మీద బ్యాటరీ ఉన్నచోట దగ్గర్నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి. అది ఏ రకమో, ఎంతవరకు తినేసిందో చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.