సి కార్డ్ పట్టుకుంటే ఒకటో తీగ ఎందుకు మోగదు?

గిటార్ మొదలుపెట్టి రెండు వారాలైంది, ఎంత గట్టిగా నొక్కినా సి కార్డ్‌లో (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు) ఒకటో తీగ, అంటే అన్నిటికన్నా సన్నది, మోగడం లేదని అడిగారు. మీ వేళ్లలో బలం చాలక కాదండీ, వేలు వాలిపోవడం వల్ల.

సి కార్డ్‌లో చూపుడువేలు రెండో తీగ మీద, మొదటి ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది అడ్డ పట్టీల మధ్య గడిలో) ఉంటుంది. అది ఏమాత్రం పడుకున్నా పక్కనే ఉన్న ఒకటో తీగకు తగిలి, మోగనివ్వదు. వేలి కొనతో, నిలువుగా నొక్కండి. ఎడమచేతి గోళ్లు పూర్తిగా తీసెయ్యాలి, లేకపోతే ఇది కుదరనే కుదరదు. బొటనవేలిని నెక్ (గిటార్ మెడ) వెనక మధ్యకు దించితే మిగతా వేళ్లు వాటంతటవే వంపు తిరుగుతాయి.

ఇంకోటి, రెండు ఫ్రెట్ పట్టీలకు సరిగ్గా మధ్యలో కాకుండా, గిటార్ బాడీ వైపున్న పట్టీకి కాస్త వెనకగా నొక్కండి. అక్కడ తక్కువ బలం చాలు. పట్టీకి దూరమైతే తీగ బరబరమంటుంది. కార్డ్ పట్టుకున్నాక ఐదో తీగ నుంచి ఒక్కొక్కటే మీటి వినండి, తప్పు చేస్తున్న వేలు వెంటనే దొరుకుతుంది.

మన విజయవాడ ఎండల్లో చేతులు చెమటపట్టి జారతాయి, స్టీలు తీగలు తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవండి. వేలి కొనల మంట కొన్ని వారాల్లో తగ్గుతుంది. మణికట్టు నొప్పి పుడితే మాత్రం ఆపెయ్యండి.