‘ఎర్రర్ ఈజ్ కమింగ్’ అంటే అవతలివాళ్లకు ఏం తెలుస్తుంది?

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బీటెక్ సీఎస్‌ఈ సెకండియర్. పైతాన్ ప్రోగ్రామింగ్ భాషలో సమస్య వస్తే, ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే ఒక సైట్‌లో పోస్ట్ చేశాను. గంటలోపే నా ప్రశ్నను మూసేశారు. ‘అర్థం కావడం లేదు, సవరించండి’ అని ఒకరు రాశారు. అప్పటి నుంచి ఇంగ్లిష్‌లో ఎక్కడైనా రాయాలంటే టెన్షన్. కోడింగ్ వస్తే చాలదా? ఇంగ్లిష్ ఎలాగూ ఏఐ రాసిపెడుతుంది కదా?
– ఒక విద్యార్థిని, పల్నాడు జిల్లా

జవాబు: మీరు లేఖతో పాటు పంపిన పోస్ట్ చదివానమ్మా. ‘సర్, ఐ హావ్ ఎ డౌట్. ఐ ఇన్‌స్టాల్డ్ పాండాస్ బట్ ఎర్రర్ ఈజ్ కమింగ్. ప్లీజ్ హెల్ప్, అర్జెంట్.’ (పాండాస్ అంటే డేటాతో పనిచేయడానికి పైతాన్‌కు జోడించుకునే ఒక లైబ్రరీ.) నాకు వెంటనే అర్థమైంది. ఎందుకంటే అది తెలుగు వాక్యమే. ‘ఎర్రర్ వస్తోంది సార్’ అని ల్యాబ్‌లో అంటే సార్ లేచి మీ సిస్టమ్ దగ్గరికి వస్తారు. ఏ ఎర్రరో, ఏ లైన్లోనో ఆయనే చూసుకుంటారు. మీరు చెప్పనిదంతా స్క్రీన్ చెబుతుంది. పోలండ్‌లోనో బ్రెజిల్‌లోనో కూర్చుని చదివే మనిషికి ఆ స్క్రీన్ కనిపించదు. మీరు రాసిన మూడు ముక్కలే ఆధారం. మూసేసినవాళ్లకు మీ మీద కోపం లేదు. జవాబు చెప్పడానికి వాళ్ల చేతిలో ఏమీ లేదు, అంతే.

ఆ పోస్ట్‌ను సరిగ్గా రాద్దామని నేనే కూర్చున్నాను. ‘ఇన్‌స్టాల్ చేశాను’ అంటే ఏ కమాండ్‌తో? ‘ఎర్రర్’ అంటే ఏ ఎర్రర్? మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అని, అంటే అడిగిన లైబ్రరీ దొరకలేదని ఉంది. ఏ పైతాన్ వెర్షన్ అని రాయబోతూ చూస్తే, ఇన్‌స్టాల్ అయినట్టు చూపిస్తున్న ఫోల్డర్ పేరులో ఒక వెర్షన్ ఉంది, ప్రోగ్రామ్ నడుస్తున్నది ఇంకో వెర్షన్‌లో. పాండాస్ ఒక పైతాన్‌లోకి వెళ్లింది, మీ ప్రోగ్రామ్ ఇంకో పైతాన్‌లో వెతుకుతోంది. సమస్య అదే! ఎవరినీ అడగక ముందే దొరికింది. వివరంగా రాయడం మొదలుపెడితే ఇలా చాలాసార్లు జరుగుతుంది.

తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు కొన్ని చోట్ల కాలు జారుతుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆ చోట్లు తెలిస్తే చాలు. మన క్రియలోనే కర్త ఉంటుంది. ‘చేశాను, రాలేదు’ అంటే ఎవరు చేశారో, ఏది రాలేదో మనకు సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ప్రతి వాక్యానికీ ‘ఎవరు’, ‘ఏది’ విడిగా రాయాల్సిందే. ఇంకోటి, ‘రోజూ రన్ చేస్తాను’, ‘రేపు రన్ చేస్తాను’ రెండిటికీ మనకు ఒకటే రూపం. అందుకే మనవాళ్లు రోజూ జరిగేదానికి కూడా ‘ఐ విల్ రన్’ అని రాసేస్తారు. చదివేవాళ్లు, మీరు ఇంకా రన్ చేయలేదనుకుంటారు. టెక్నికల్ విషయంలో ఇది చిన్న తప్పు కాదు. ‘ఐ ర్యాన్’ అంటే జరిగిపోయింది, ఫలితం ఉంది. ‘ఐ విల్ రన్’ అంటే ఇంకా ఏమీ లేదు.

తెలుగులో ‘ఫైల్ ఓపెన్ చేసి, కోడ్ పేస్ట్ చేసి, సేవ్ చేసి, రన్ చేస్తే’ అని ఎంత దూరమైనా సాగదీయవచ్చు, వినడానికీ బాగుంటుంది. ఇంగ్లిష్‌లో దాన్ని ‘అండ్’, ‘అండ్’ అంటూ కలిపితే గొలుసు చిక్కుపడుతుంది. ప్రతి ‘చేసి’ దగ్గర ఫుల్‌స్టాప్ పెట్టి, కొత్త వాక్యం మొదలుపెట్టండి. ఈ ఒక్క అలవాటుతో మీ రాత సగం బాగుపడుతుంది. ఇక ‘డౌట్’ సంగతి. మనకు డౌట్ అంటే ప్రశ్న. బయటి దేశాల్లో చాలామందికి అది అనుమానం, నమ్మకం లేకపోవడం. ‘క్వశ్చన్’ అని రాయండి. ‘సర్’ కూడా వద్దు, చదివేది ఒక మహిళ కావచ్చు.

వ్యాకరణం పూర్తిగా వచ్చాకే రాస్తానని మాత్రం ఆగొద్దు. 1991 ఆగస్టు 25న హెల్సింకిలో 21 ఏళ్ల విద్యార్థి ఒకరు, తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ఒక ఆన్‌లైన్ చర్చా బృందంలో ఇంగ్లిష్‌లో పోస్ట్ పెట్టారు. ఆయన లైనస్ టోర్వాల్డ్స్, ఆ సిస్టమే తర్వాత లైనక్స్ అయింది. ఆయన మాతృభాష స్వీడిష్. ఆ పోస్ట్‌లో పెద్ద ఇంగ్లిష్ ఏమీ లేదు. కానీ ఏ కంప్యూటర్ మీద నడుస్తుందో, ఏ ప్రోగ్రామ్‌లు దాని మీద పనిచేస్తున్నాయో వెర్షన్ నంబర్లతో సహా ఉంది. ఏ రకం హార్డ్‌డిస్క్ తప్ప మిగతావి పనిచేయవో కూడా రాశారు. మీరు ముందు నేర్చుకోవాల్సింది ఆ స్పష్టత.

ఏఐ గురించి అడిగారు. వాడండి, నేనూ వాడతాను. కానీ మీ ‘ఎర్రర్ ఈజ్ కమింగ్’ని దానికిస్తే అందమైన ఇంగ్లిష్‌లో అదే ఖాళీ వాక్యం వస్తుంది. లేదంటే మీరు చెప్పని వివరాలను అదే ఊహించి రాస్తుంది, అది ఇంకా ప్రమాదం. ముందు మీరే రాయండి. ‘అర్థం మార్చకుండా తప్పులు మాత్రమే దిద్దు’ అని అడగండి. మీ వాక్యాన్నీ, దిద్దిన వాక్యాన్నీ పక్కపక్కన ఒక నోట్‌బుక్‌లో చేత్తో రాసుకోండి. నెల తిరిగేసరికి మళ్లీ మళ్లీ చేస్తున్న తప్పులు నాలుగో ఐదో అని మీకే తెలుస్తుంది.

కోడింగ్ వస్తే చాలదా అన్నారు. ఉద్యోగంలో చేరాక సగం పని చాట్‌లో రాయడమే. హైదరాబాద్‌లో ఉదయం పది అయితే, కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి. ఇక్కడి నుంచి ‘హాయ్’ అని పెట్టి ఎదురుచూస్తే, వాళ్లు లేచి ‘చెప్పండి’ అనేసరికి మనకు రాత్రవుతుంది. ఒక రోజు పోయింది. సమస్య, ఇప్పటిదాకా చేసిన ప్రయత్నాలు, కావాల్సిన సాయం మొదటి మెసేజ్‌లోనే రాసేవాళ్లకు పొద్దున్నే జవాబు సిద్ధంగా ఉంటుంది. అలాంటివాళ్ల మీద టీమ్‌లో నమ్మకం పెరగడం నేను కళ్లారా చూశాను. కొత్తవాళ్లు మెంటర్ల సాయంతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాసే, 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ లాంటివాటికి మీరు అప్లై చేయాలనుకున్నా, మెంటర్లు ముందు చూసేది మీరు రాసిన ప్రపోజలే. వాళ్లకు మీ కాలేజీ పేరు తెలియకపోవచ్చు. మీ వాక్యాలు మాత్రం చదువుతారు.

ఈ ఆదివారం ఒక గంట తీసుకుని ఆ పాత పోస్ట్‌నే ఎడిట్ చేయండి. ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్‌గా పెట్టకుండా టెక్స్ట్‌గా కాపీ చేయండి. ఏం చేశారో, ఏం జరుగుతుందనుకున్నారో, ఏం జరిగిందో మూడు వేర్వేరు వాక్యాల్లో రాయండి. కారణం దొరికింది కాబట్టి, ప్రశ్నను మళ్లీ తెరిచాక జవాబు కూడా మీరే రాయండి, మీ తర్వాత అదే చోట ఇరుక్కునేవాళ్లకు పనికొస్తుంది. పోస్ట్ చేసే ముందు ఒకసారి పైకి చదువుకోండి. చదువుతుంటే మీకే ఊపిరి ఆడని వాక్యం ఉంటే, దాన్ని రెండుగా విడగొట్టండి.