మీ ప్రశ్నలు – మా జవాబులు: ఓనరుగారు ఇల్లు చూసుకోవడానికొస్తే...

ప్రశ్న: మూడేళ్లుగా అద్దెకుంటున్న ఫ్లాట్ నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాం. ఆదివారం వచ్చి ఇల్లు చూసుకుంటానని ఓనరుగారు ఫోన్ చేశారు. రంగులకి ఒక నెల అద్దె అడ్వాన్సులో పట్టుకుంటామని అగ్రిమెంటులో ఉంది. ఇంకా వేటికి కోస్తారు? పడకగది గోడకి చెమ్మ కూడా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు చూసేది గోడలే. మేకులు, టీవీ బిగించిన రంధ్రాలు, పిల్లలు గీసిన గీతలు. రంగులకి నెల అద్దె ఇస్తున్నారు కదా, వీటికి మళ్లీ డబ్బు అడిగితే ఒప్పుకోకండి. రంగు వేసేవాళ్లు ఎలాగూ లప్పం పెట్టి, గీకి, ఆ తర్వాతే వేస్తారు. మీరే టచప్ చేయించాలనీ చూడకండి. మూడేళ్లకి వెలిసిన గోడ మీద అదే షేడు వేసినా మచ్చలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మేకులు పీకేస్తే చాలు. డ్రిల్లింగ్‌లో టైలు పగిలినా, ప్లాస్టరింగ్ పెచ్చు ఊడినా ఆ ఖర్చు మాత్రం మీదే.

కుళాయిలు, ఫ్లష్, గీజరు, ప్రతి స్విచ్చూ ఆయన ఎదుటే వేసి చూపించండి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కుళాయి వాషర్లు, ఫ్లష్, గీజరు, స్విచ్చులు, తాళాలు, దోమల మెష్, కిటికీ అద్దాల రిపేర్లు అద్దెదారు మీద పెట్టింది. పైపులు మార్చడం, వైరింగ్, గోడలకి సున్నం, తలుపులకి రంగు ఓనరు వంతు. ఆ లెక్కన రంగులకని మీరిచ్చే నెల అద్దె కూడా ఇవ్వక్కర్లేదు! కానీ అది రాష్ట్రాలకిచ్చిన నమూనా మాత్రమే. మీరు సంతకం పెట్టిన అగ్రిమెంటే ముందు చూస్తారు.

బోరు నీళ్లకి కుళాయిలు తెల్లగా గార కడితే వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచి తోమండి. బాత్‌రూమ్ యాసిడ్ వద్దు. క్రోమ్ పూత పోతే కుళాయే కొనివ్వాల్సొస్తుంది. మార్బుల్ మీద వెనిగర్ కూడా పడనివ్వకండి.

ఇక చెమ్మ. మీరు గదిలో బట్టలారేసినందుకే అంటారేమో, ముందే తేల్చుకోండి. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు ప్లాస్టిక్ షీటు గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. నీటి బొట్లు షీటు వెనక, గోడ వైపు పడితే తడి గోడలోంచే వస్తోంది. పై ఫ్లాట్ బాత్‌రూమో, పైపు లీకో అయి ఉంటుంది. అది ఓనరు చూసుకోవాలి. బొట్లు గది వైపు పడితే గదిలో గాలి ఆడటం లేదన్నమాట. తీసే ముందు ఫొటో తీసుకోండి.

తాళాలిచ్చే రోజు కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. మెయింటెనెన్స్ బాకీ లేదని అసోసియేషన్ రసీదు, ఎన్ని తాళంచెవులిచ్చారో ఒక ముక్క కూడా అందులోనే ఉండాలి. కోత ఏదైనా ఉంటే దేనికెంతో రాసిమ్మనండి. నోటిమాటగా “మొత్తం ఇరవై వేలు” అంటే ఊరుకోకండి.

ప్రశ్న: మా ఓనరు చెప్పకుండా వచ్చేస్తుంటారు. డూప్లికేట్ తాళంచెవి కూడా ఉంది. – విజయవాడ పాఠకుడు

జవాబు: పైన చెప్పిన నమూనా చట్టం ప్రకారమైతే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో, మెసేజ్ ద్వారానో చెప్పాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. అగ్నిప్రమాదం, వరద లాంటివి వేరే సంగతి. ఈ రెండు షరతులూ 11 నెలల అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు చేర్పించండి. మీరు లేనప్పుడు తాళం తీయకూడదనీ రాయించండి.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తున్నాడు. అక్కడ పద్ధతేమిటి? – గుంటూరు పాఠకురాలు

జవాబు: ఖాళీ చేసే ముందు రెండు వారాల్లో ఒకసారి తనిఖీ చేయమని ఓనరుని అడిగే హక్కు అతనికుంది. దానికి వచ్చే ముందు వాళ్లు సాధారణంగా 48 గంటల నోటీసివ్వాలి. చూశాక లోపాల జాబితా రాసివ్వాలి. వాటిని తాళాలిచ్చేలోగా బాగుచేసుకుంటే వాటికి డిపాజిట్ కోయడానికి వీల్లేదు. అడక్కపోతే ఈ తనిఖీ చేయరు, కాబట్టి ఈమెయిల్‌లో అడగమనండి. ఖాళీ చేశాక 21 రోజుల్లోగా డిపాజిట్ గానీ, కోతల వివరం గానీ రావాలి. కొత్త చిరునామా ఇచ్చి రమ్మనండి.