పాప తిండికి నెలకు 6,400: ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

ప్రశ్న: మాది హనుమకొండ. మా వారి జీతం చేతికి 38,000 వస్తుంది. అద్దె, బండి ఈఎంఐ, ఊళ్లో అత్తమామలకు పంపేది పోగా నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. పాపకు ఏడాదిన్నర. తన ఒక్కదాని తిండికే 6,400 అవుతోంది. సీరియల్ డబ్బాలకు 1,200, పాలల్లో కలిపే పొడికి 650, రోజూ లీటరు పాలకు 1,800, యాపిల్, కివీ లాంటి పండ్లకు 1,500, బిస్కెట్లు, ఫ్లేవర్డ్ పెరుగు కప్పులకు 850, ఆన్‌లైన్‌లో తెప్పించే డ్రైఫ్రూట్ పొడికి 400. ఇంత పెట్టినా అన్నం ముట్టదు. ఆడపిల్ల పేరిట ప్రభుత్వ పొదుపు పథకమైన సుకన్య ఖాతా తెరవాలని ఏడాదిగా అనుకుంటున్నాం. పిల్ల తిండి దగ్గర పొదుపు చేయాలంటే మనసొప్పడం లేదు. వారానికి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: మీ మనసు ఒప్పకపోవడం న్యాయమే. పిల్ల పళ్లెంలోంచి తీసి బ్యాంకులో వేయమని నేనూ చెప్పను. కానీ మీరు పంపిన లెక్కను రెండుమూడు సార్లు చదివితే నాకు అర్థమైంది ఒకటి. ఈ 6,400లో పాపకు నిజంగా బలమిచ్చే తిండికి వెళ్తున్నది తక్కువ. ఒక ఖర్చు ఇంకో ఖర్చును తెచ్చిపెడుతోంది.

మొదలు పాలతో. ఏడాదిన్నర పిల్లకు రోజుకు అర లీటరు మించి పాలు అక్కర్లేదని పిల్లల డాక్టర్లు చెబుతారు. మీ పాప లీటరు తాగుతోంది. ఆ చిన్న కడుపులో లీటరు పాలు పడ్డాక అన్నానికి చోటెక్కడిది? ఆకలి లేక ముద్ద ఉమ్మేస్తుంది. తినడం లేదనే భయంతో మీరు పొడి కొన్నారు. ఆ పొడి కలిపేది మళ్లీ పాలల్లోనే. తీపి అలవాటై పప్పన్నం చప్పగా అనిపిస్తే బిస్కెట్టు చేతికి వచ్చింది. పైగా పాలల్లో ఐరన్ చాలా తక్కువ. పాలతోనే కడుపు నింపుకునే పిల్లల్లో రక్తం తగ్గడం డాక్టర్లు తరచూ చూసేదే. కాబట్టి పాలు సగానికి తగ్గించడం పొదుపు కోసం కాదు, పాప ఆకలి కోసం. ఒక్కరోజులో కాకుండా వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించండి. పాప ఇంకా మీ పాలు తాగుతుంటే మాత్రం అది ఆపొద్దు. రెండేళ్లు నిండేదాకా, ఆపైన కూడా ఇవ్వవచ్చు.

ప్రొటీన్ గురించి భయపడి పొడులు కొంటున్నారేమో, ఈ లెక్క చూడండి. ఈ వయసు పిల్లలకు రోజుకు కావలసిన ప్రొటీన్ దాదాపు 12 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, అర లీటరు పాలల్లో 15 గ్రాముల దాకా ఉంటుంది. పప్పు సంగతి లెక్కలోకి రాకముందే సరిపోయింది. ఇక ఆ పొడుల గురించి: మన ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే నిర్వచనమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో ఇలాంటి పానీయాలను ఆ విభాగం కింద చూపించవద్దని కేంద్ర వాణిజ్య శాఖ ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. డబ్బా వెనక్కి తిప్పి చక్కెర ఎంతుందో చదవండి. రెండేళ్లలోపు పిల్లలకు విడిగా చక్కెర వద్దనే వైద్యులు అంటున్నారు. ఆ 650 రూపాయలను నిశ్చింతగా ఆపేయవచ్చు.

సీరియల్ డబ్బా ప్రయాణాల్లో పనికొస్తుంది, కాదనను. రోజూ మాత్రం అవసరం లేదు. ఏడాది దాటిన పిల్ల ఇంట్లో వండిందే తింటుంది. మీరు పప్పు వండేటప్పుడు ఉప్పూ కారం వేయకముందే ఒక గరిటెడు పక్కకు తీసి, మెత్తటి అన్నంలో కలిపి కాస్త నెయ్యి వేస్తే పాప భోజనం అయిపోయింది. దానికి విడిగా గ్యాసు లేదు, విడిగా టైము లేదు. నెల ఖర్చు తగ్గేది ప్రధానంగా ఇక్కడే.

వారం ప్లాన్ అంటే ఏడు రోజులకు ఏడు కొత్త వంటకాలు అనుకోకండి. చిన్నపిల్లలకు తెలిసిన రుచే మళ్లీ మళ్లీ కావాలి. ఆదివారం రైతుబజార్‌లో పాలకూర, తోటకూర, ఒక క్యారెట్, కందగడ్డ, నాలుగు రోజులకు సరిపడా అరటిపండ్లు, జామకాయలు తెచ్చుకోండి. గురువారం ఆకుకూర మళ్లీ కొనండి, ఒకేసారి తెస్తే వాడిపోయి పారేయాల్సి వస్తుంది. ఉదయం మూడు రోజులు రాగిజావ, మిగతా రోజులు మీరు తినే ఇడ్లీ, ఉప్మా, దోశల్లోంచే. మధ్యాహ్నం పప్పన్నం, అందులో రోజు మార్చి రోజు ఆకుకూర. వారానికి ఐదు గుడ్లు, బాగా ఉడికించి. సాయంత్రం బిస్కెట్టుకు బదులు అరటిపండు, లేదా ఉడికించిన కందగడ్డ. రాత్రికి పెసరపప్పు కిచిడీ, పెరుగన్నం. మీరు మాంసాహారులైతే ఇంట్లో చికెన్ వండిన రోజు మెత్తటి ముక్కను సన్నగా చిదిమి పెట్టండి. పల్లీలను వేయించి మెత్తటి పొడి చేసుకుంటే ఆ డ్రైఫ్రూట్ పొడి అవసరం లేదు. గింజలుగా మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి, గొంతులో ఇరుక్కుంటాయి.

కివీ మీద మీకు మమకారం ఉన్నట్టుంది. విటమిన్ సీ కోసమైతే మన జామకాయ దానికంటే ముందుంటుంది. అదీ గింజలు తీసి, మెత్తగా చేసి పెట్టండి. పప్పు, ఆకుకూర తిన్న పూట జామ ఇస్తే వాటిలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో అసలు కనిపించని విషయం. అంగన్‌వాడీలో పాప పేరు రాయించారా? తెలంగాణలో 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి, 16 గుడ్లు ఇస్తారు. అది పేదలకు వేసే దయ అని మధ్యతరగతి వాళ్లు వెనకాడతారు. అలా అనుకోకండి. 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఈ పోషకాహారం 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. ఆధార్ తీసుకుని వెళ్లి అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి. బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడితో పాటు చక్కెర కూడా ఉంటుంది కాబట్టి మీరు ఇంకా బెల్లం, చక్కెర కలపొద్దు. రోజూ సీరియల్ పెట్టిన చోట వారానికి రెండుమూడు సార్లు ఇది వాడితే చాలు. ఆశా కార్యకర్త దగ్గర ఐరన్ సిరప్ కూడా ఉచితమే, 5 ఏళ్ల వరకు వారానికి రెండుసార్లు వేస్తారు. పాపకు అందుతోందా కనుక్కోండి.

ఇక డబ్బు లెక్క. పాలు అర లీటరు చొప్పున 900. గుడ్లు కొన్నా 160. పండ్లు 520. పప్పు, ఆకుకూరల్లో పాప వాటా 300. రాగులు, పల్లీలు, నెయ్యి 350. చికెన్‌లో వాటా 150. మొత్తం 2,380. ధరలు కాస్త అటూఇటూ అయినా నెలకు 4,000 మిగులుతుంది.

ఆ 4,000 అంతా సుకన్యలో వేసేయకండి. సుకన్యలో వేసిన డబ్బు పాపకు 18 ఏళ్లు వచ్చేదాకా, లేదా పదో తరగతి పాసయ్యేదాకా చేతికి రాదు, అప్పుడైనా చదువు కోసం సగం వరకే. మీ చేతిలో ఆసుపత్రి ఖర్చుకు కూడా నిల్వ లేదు. కాబట్టి 1,500 విడిగా ఒక పొదుపు ఖాతాలో వేయండి, 2,000 సుకన్యకు పంపండి. మిగిలిన 500 పాప పండ్లకే ఉంచండి. మామిడి, సీతాఫలం సీజన్లలో అది కావాలి. జ్వరం తగ్గి పిల్ల నీరసంగా ఉన్న వారం గుడ్లు, పండ్లు ఎక్కువ పెట్టాలన్నా కావాలి.

సుకన్య వడ్డీ 2024 జనవరి నుంచి 8.2 శాతం. మూడు నెలలకోసారి ప్రభుత్వం సమీక్షిస్తుంది. ఇదే రేటు చివరిదాకా ఉంటుందనుకుంటే, నెలకు 2,000 చొప్పున 15 ఏళ్లు కట్టినందుకు ఖాతా 21 ఏళ్లు నిండేసరికి దాదాపు 11 లక్షలవుతుంది. పోస్టాఫీసులో 250 రూపాయలతోనే తెరవవచ్చు, ఈ నెలలోనే తెరవండి.

అత్తమామలు వచ్చినప్పుడు బిస్కెట్ ప్యాకెట్లు తెస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు. అరటిపండ్లు తెమ్మని ముందే ఫోన్‌లో అడగండి, సంతోషంగా తెస్తారు.

చివరగా ఒక షరతు. ఈ మార్పు మొదలుపెట్టే ముందు పాప బరువు తూయించి రాసుకోండి, అంగన్‌వాడీలో ప్రతి నెలా తూస్తారు. రక్తపరీక్ష ఇప్పటిదాకా చేయించకపోతే పిల్లల డాక్టరును అడిగి హిమోగ్లోబిన్ చూపించండి. రెండు నెలలు వరుసగా బరువు పెరగకపోతే నా లెక్కలన్నీ పక్కన పెట్టి డాక్టరు చెప్పిందే చేయండి. సుకన్యకు ఏడాదికి 250 కట్టినా ఖాతా నడుస్తుంది, ఆ నెలల్లో ఆ 2,000 కూడా పాప తిండికే వాడండి.